రెడీమేడ్ వేగం

మా హాస్టల్లో పరీక్షల కంటే ఎక్కువ చర్చకు వచ్చే విషయం ఒకటుంది. గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు కంపెనీవాడే వేగం పెంచి అమ్మే ‘ఓసీ’ రకం తీసుకోవాలా, లేక మామూలుది కొని మనమే పెంచుకోవాలా? ఓసీ అంటే ఓవర్‌క్లాక్. చిప్పుకు నిర్ణయించిన వేగాన్ని మించి దాన్ని పరుగెత్తించడమన్నమాట. రెడీమేడ్ చొక్కా మంచిదా, దర్జీ దగ్గర కుట్టించుకున్నది మంచిదా అన్న పాత తగాదాయే ఇది!

ముందు లెక్క చూద్దాం. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి ఎన్విడియా చెప్పిన బూస్ట్ వేగం 1777 మెగాహెర్ట్జ్. కొన్ని ఓసీ రకాల మీద 1837 అని ఉంటుంది. తేడా 60, అంటే నూటికి మూడున్నర కూడా లేదు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే ఆటలో మహా అయితే 62 వస్తాయి. ఆ రెండూ ఏ కంటికి ఆనుతాయో నాకైతే తెలియదు.

ఒకప్పుడు సంగతి వేరు. 1998 నాటి సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను 300 నుంచి 450 మెగాహెర్ట్జ్‌కు లాగినవాళ్ళు కోకొల్లలు. 2010లో వచ్చిన జీటీఎక్స్ 460 అసలు వేగం 675 అయితే, 800 దాటించడం పెద్ద విద్యేమీ కాదు. అప్పట్లో కంపెనీలు చిప్పులో అంత జాగా వదిలేసేవి. 2012లో జీటీఎక్స్ 680తో ‘జీపీయూ బూస్ట్’ వచ్చింది. వేడి, కరెంటు హద్దుల్లో ఉన్నంతవరకు కార్డు తన వేగాన్ని తానే పెంచుకుంటుంది. పెట్టె మీద అంకె ఏదైనా, చల్లగా ఉన్న కార్డు దాన్ని దాటిపోతుంది. ఇక కంపెనీవాడికీ మనకీ మిగిలింది ఆ అంచున ఉన్న నాలుగు మెతుకులే.

2023లో మా రూమ్మేటు కార్డు కోసం సికింద్రాబాద్ వెళితే నేనూ తోడు వెళ్ళాను. వాడి చేతిలోది మిర్చి అమ్మి వాళ్ళ నాన్నగారు పంపిన డబ్బు. షాపాయన “ఓసీ తీసుకోండి బాబూ, స్పీడే వేరు” అంటూ మూడువేలు ఎక్కువ చెప్పాడు. రెండు పెట్టెలూ తిప్పి చూశాం. రెంటికీ అవే రెండు ఫ్యాన్లు, అదే హీట్‌సింకు! మారింది అంకె ఒక్కటే. “ఒరేయ్, ఆ మూడువేలకు ర్యామ్ వేయిద్దాంరా” అన్నాను. వేయించాం. ఏ మాటకామాటే చెప్పాలి. కొన్ని ఓసీ కార్డులకు హీట్‌సింకు పెద్దది, ఫ్యాను అదనం, కరెంటు సరఫరా భాగాలు గట్టివి. అలాంటప్పుడు ఎక్కువ ధరలో న్యాయముంది. పైగా ఆ వేగానికి వాళ్ళ వారంటీ ఉంటుంది. మనం పెంచుకున్నదానికి పూచీ మనదే.

సొంతంగా పెంచడం బ్రహ్మవిద్య కాదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీల కార్డులకూ పనిచేస్తుంది. పదిహేను, ఇరవై మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ బరువైన పరీక్ష నడపాలి. తెర మీద చుక్కలు రాలినా, డ్రైవరు పడిపోయినా ఓ మెట్టు దిగాలి. పక్కవాడి అంకె మనకు పనికిరాదు. ఒకే మోడలైనా ఏ చిప్పు సత్తా దానిదే.

అయితే ఆటలో ఒక చుక్క తప్పు వస్తే నవ్వి ఊరుకుంటాం. మావాడు అదే కార్డు మీద ప్రాజెక్టుకు న్యూరల్ నెట్‌వర్క్ శిక్షణ నడిపాడు. అక్కడ ఒక అంకె తప్పితే చుక్క కనబడదు, మిషను ఆగదు. తప్పు ఫలితం రిపోర్టులోకి ఎక్కి కూర్చుంటుంది. అందుకని ప్రాజెక్టు జరిగినన్నాళ్ళూ వేగం జోలికి పోనివ్వలేదు నేను. వాడు కొంచెం అలిగాడనుకోండి!

మే నెలలో మా గది సంగతి చెప్పనక్కరలేదు. అప్పుడు చేసింది దీనికి తలకిందులు. వోల్టేజి తగ్గించాం. చిప్పు తాగే కరెంటు దాదాపు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం మార్చకుండా వోల్టేజి పదో వంతు తగ్గిస్తే ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. తగ్గించాక కూడా మళ్ళీ రాత్రంతా పరీక్ష పెట్టాం, వోల్టేజి చాలకపోయినా తప్పులు వస్తాయి గదా. 170 వాట్లు తాగే కార్డు 130కి దిగింది. ఫ్యాను రొద తగ్గి, పక్క మంచం వాడికి నిద్ర పట్టింది. ఈ గుణం మాత్రం ఏ పెట్టె మీదా అచ్చువేసి అమ్మడం నేను చూడలేదు.