గీత పోవాలా... రంగు ఉండాలా?

లాస్‌ఏంజెలిస్ వీధుల్లో, నేలకు ఆనేంత కిందికి దించిన 1964 షెవర్లే ఇంపాలా కన్వర్టిబుల్ వెళ్తుంటే తల తిప్పి చూడనివాళ్లు తక్కువ. వెండిరంగు పూత మీద పారదర్శకమైన ఎరుపును పొరలు పొరలుగా కొట్టి, ఆపైన క్లియర్‌కోట్ వేస్తారు. పంచదార పాకం పట్టినట్టు నిగనిగలాడే ఆ రంగే క్యాండీ పెయింట్.

దాన్ని శుభ్రం చేయడమంటే బకెట్టూ గుడ్డా పట్టుకుని దిగిపోవడం కాదు. డీటెయిలింగ్ నిపుణుడు ముందు మీటరుతో పెయింట్ మందం కొలుస్తాడు, మైక్రాన్లలో. ఎందుకంటే పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు... గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ను అరగదీయడం! తలుపుల అంచుల్లో అది మరీ పలచన. అక్కడ మిషన్ ఒక్క క్షణం ఎక్కువ ఆగిందా, కింది పొర బయటపడుతుంది. ఆ మచ్చకు మాత్రమే రంగు వేస్తే కలవదు. పొరలు ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఛాయ మారిపోతుంది మరి. ప్యానెల్ మొత్తం, ఒక్కోసారి కారంతా మళ్లీ కొట్టాల్సిందే. అందుకే అంచులకు టేపు అంటిస్తారు, లోతైన గీతల్ని అలాగే వదిలేస్తారు. అద్దంలా మెరవాలనే యజమానిని ఒప్పించడం పాలిష్ కన్నా కష్టం!

టాపును మాత్రం మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే మడవాలి. తడిగా మడిస్తే బూజు పడుతుంది. వెనక ప్లాస్టిక్ కిటికీని పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ గీతలే.