ఇరవై ఐదు డిగ్రీల గది

పోయిన వేసవిలో ఆదోని నుంచి మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. ఎవరో గృహప్రవేశానికి చేయించుకున్న చెక్క నేమ్‌ప్లేటు. 'శ్రీ లక్ష్మీ నిలయం'. అందులో 'శ్రీ' నల్లగా, నిండుగా ఉంది. 'లక్ష్మీ' గోధుమరంగులోకి దిగింది. 'నిలయం' దగ్గరికొచ్చేసరికి కళ్ళు చికిలించుకుని చూడాలి. కింద ఒకటే మాట రాశాడు: "అన్నా, లైటు అలిసిపోతాంది."

వాడికి ఊళ్ళో, పత్తి మార్కెట్ యార్డుకి దగ్గర్లో, రేకుల కప్పు గదిలో చిన్న షాపు ఉంది. కీచైన్లు, పెన్‌స్టాండ్లు, పెళ్ళి జ్ఞాపికల మీద 5 వాట్ల నీలి లేజర్‌తో పేర్లు చెక్కుతాడు. ఆ లేజర్ మాడ్యూల్ అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని వేడిని లాగి గాలికి వదిలే హీట్‌సింక్‌ని ఎంచింది నేను. బెంగళూరులో, ఏసీలో కూర్చుని.

లెక్క మాత్రం తప్పలేదు. మాడ్యూల్ 18 వాట్ల కరెంటు తీసుకుంటుంది, 5 వాట్లు వెలుగుగా ఇస్తుంది. మిగిలిన 13 వాట్లు వేడి. దాని ఒళ్ళు 50 డిగ్రీలు దాటకూడదు. నేను కొన్న హీట్‌సింక్ ప్రతి వాటు వేడికి 1.8 డిగ్రీలు పెరిగే రకం. 13ని 1.8తో గుణిస్తే 23 చిల్లర. గది 25 డిగ్రీలైతే మొత్తం 48 చిల్లర. సరిపోయింది. సన్నటి రెక్కలు దగ్గరదగ్గరగా, పైన చిన్న ఫ్యాను, చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంది. ఆర్డర్ పెట్టేశాను.

ఫోటో చూసి నేను పంపిన జవాబు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నువ్వు సరిగ్గా వాడటం లేదేమో, చూసుకో" అన్నాను. వాడు కాదనలేదు. పదిహేను రోజులపాటు తన తప్పేననుకుని లెన్సు తుడిచాడు, చెక్క మార్చాడు, వేగం తగ్గించాడు. రెండు ఆర్డర్ల డబ్బులు వెనక్కిచ్చాడు. నాకు చెప్పనేలేదు.

మే నెలలో సెలవు పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి షాపులో థర్మామీటర్ పెడితే 43. అదే హీట్‌సింక్, అదే లెక్క, మొదటి అంకె ఒక్కటే వేరు. 43కి 23 కలిపితే 66. వేడెక్కేకొద్దీ లేజర్ డయోడ్ అదే కరెంటుకి తక్కువ వెలుగిస్తుంది. రాని వెలుగంతా మళ్ళీ వేడే అవుతుంది. అక్షరం తర్వాత అక్షరం చెక్కుతూ పోతే చివరికి 'నిలయం' వెలిసిపోక ఏమవుతుంది? హీట్‌సింక్ ఎంత మంచిదైనా చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా చెయ్యలేదు. వేడిని ఆ గాలికే కదా అప్పగించేది!

ఫ్యాను విప్పితే ఇంకో సంగతి బయటపడింది. రెక్కల మధ్య దూది. పత్తి సీజన్ అయిపోయి నెలలైనా జిన్నింగు మిల్లుల ఊళ్ళో గాలిలో పోగు ఉంటూనే ఉంటుంది. ఆ సన్నటి సందుల్లో పేరుకుని చిన్న పరుపులా తయారైంది. వేడి పోవాల్సిన చోట దుప్పటి కప్పినట్టు. అసలు ఆ దూది లేజర్ ముందు పడితే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయమేసింది.

"పెద్ద అల్యూమినియం దిమ్మ పెడితే పోదా?" అన్నాడు తమ్ముడు. సాయంత్రం వాణ్ణి కోట కొండ దగ్గరికి తీసుకెళ్ళి ఒక గుండు మీద చెయ్యి పెట్టమన్నాను. పొద్దుగూకి గంటైనా కాలుతోంది. దిమ్మ వేడిని దాచుకుంటుంది, అంతే. వేడి పోవాలంటే గాలి తగిలే రెక్కలు కావాలి. పైగా మా హీట్‌సింక్ కదిలే తల మీద కూర్చోవాలి. బరువెక్కితే బెల్టు ఊగి అక్షరాలు వంకరపోతాయి. 43 డిగ్రీల్లో మాడ్యూల్‌ని 50 దాటకుండా ఉంచాలంటే వాటుకి అర డిగ్రీ మాత్రమే పెరిగే హీట్‌సింక్ కావాలి. అంత పెద్దది ఆ తల మొయ్యలేదు.

ఏ జవాబూ దొరక్కుండానే మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. 1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు అది. మా నాయన ఇంకా గుంటమగ్గం మీదే నేస్తాడు. నేను పదింటికి ఇల్లు చేరేసరికి ఆయన ఆ రోజు పని ముగించి మగ్గం దిగుతున్నాడు. తమ్ముడి సంగతి చెప్పాను. అంతా విని, "గుంతలో కాళ్ళు పెట్టు సూడు" అన్నాడు. పెట్టాను. చల్లగా, కొంచెం తేమగా ఉంది.

"దీన్లోనే కూసున్నా, పొద్దెక్కినాంక పోగు తెగుతాది. తెల్లారుజామున తెగదు. ఎండతో ఎవురు కొట్లాడతారప్పా?"

ఆ ఇంట్లో పుట్టి పెరిగాను. తెల్లవారుజామున మగ్గం చప్పుడుకే లేచేవాణ్ణి. అది నాయన అలవాటనుకున్నానే తప్ప అదీ ఒక లెక్కేనని ఎప్పుడూ తోచలేదు.

ఆదోనికి తిరిగెళ్ళి మళ్ళీ కాగితం తీశాం. ఈసారి రెక్కలు దూరదూరంగా ఉన్నది ఎంచుకున్నాం. దూది చిక్కుకోదు, చిక్కుకున్నా పెయింటు బ్రష్షుతో దులిపేయొచ్చు. వాటుకి 1.2 డిగ్రీలు. మాడ్యూల్‌కీ దానికీ మధ్య థర్మల్ పేస్టు పల్చగా పూశాం, మందంగా పూస్తే అదే అడ్డవుతుంది. తెల్లవారుజామున గది 29 డిగ్రీలుంటే మాడ్యూల్ 45 దగ్గర ఆగుతుంది. చెక్క పనంతా అప్పుడే. మధ్యాహ్నం కరెంటు సగానికి తగ్గించి, శుభలేఖల అట్టలూ కాగితం పనులూ. మరీ మండిపోతే షట్టర్ దించి నిద్ర.

కొత్త హీట్‌సింక్ బిగించిన రోజు తెల్లవారుజామున అయిదింటికి తమ్ముడు కమలారంగు కళ్ళజోడు పెట్టుకుని మొదట ఆ నేమ్‌ప్లేటునే మళ్ళీ చెక్కాడు. 'నిలయం' 'శ్రీ' అంత నల్లగా వచ్చింది. "ఇంతకుముందు తప్పు నాది, నీది కాదు" అన్నాను. వాడు తల ఎత్తలేదు. రెక్కల మీద దూది లేకపోయినా బ్రష్షుతో దులుపుతూ, "తెలుసులే అన్నా" అన్నాడు.

వెలిసిపోయిన పాత పలకని అడిగి తెచ్చుకున్నాను. బెంగళూరులో నా బల్ల మీద ఉంది. డేటాషీటు తెరిచి '25 డిగ్రీల దగ్గర' అన్న వాక్యం కనపడినప్పుడల్లా ఒకసారి దానివైపు చూస్తాను.