తోక లేని ఎలుక

ఇంట్లో ఎలుక పోతే ఎవరూ విచారించరు. పోవాలనే బోనులు కొంటాం. అటువంటిది, ఒక ఎలుక మూలబడిందని నేను రెండు పూటలు అన్నం సరిగా తినలేదంటే మా ఆవిడ నవ్వదూ మరి? నేను చెప్పేది కంప్యూటరు మౌస్ సంగతి.

2010లో మా అబ్బాయి ఇంట్లో కంప్యూటరు పెట్టినప్పుడు దానితోపాటు వచ్చింది. నల్లటిది. కింద ఎర్ర దీపం, వెనక బారెడు తీగ. నా అరచేతి కింద అరిగి అరిగి దాని వీపు పాతకాలపు గచ్చులా నున్నబడిపోయింది.

ఈ వయసులో దానితో నీకేం పనయ్యా అంటారు కాబోలు. విజయనగరంలో మా అక్కయ్య ఉంది. 84 ఏళ్ళు. చెవులు వినిపించవు గనుక టెలిఫోను పనికిరాదు. కళ్ళు మాత్రం, అక్షరాలు పెద్దవైతే, ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. నెలకొక ఉత్తరం రాసుకోవడం మాకు ఆవిడ కాపురానికి వెళ్ళిన నాటినుంచీ అలవాటు. 2019 నుంచి నా కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. కలం పట్టుకుంటే నా రాత నాకే తెలియదు. పోనీ ఇంట్లో ఎవరిచేతనైనా రాయిద్దామా అంటే, మాది బరంపురం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా తాతగారు ఊరు వదలలేదు గాని ఊరే మద్రాసు రాజధానిని వదిలిపోయింది. మా ఆవిడ చదువుకున్నది ఒడియా బడిలో. మనవడు తెలుగు గలగలా మాట్లాడతాడు. 'మ' ఏదో 'య' ఏదో పోల్చుకోలేడు. అంచేత తెలుగు ఉత్తరానికి ఇంటిల్లిపాదికీ నేనొక్కణ్ణే.

కీబోర్డు మీదవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. వాటి వెనక తెలుగు ఎక్కడెక్కడ దాక్కుందో గుర్తుపెట్టుకోవడం నావల్ల కాలేదు. అందుకని తెరమీద తెలుగు అక్షరాల పలక తెరిపించుకుని, ఒక్కొక్క అక్షరం మీదికీ బాణాన్ని నడిపించుకెళ్ళి మౌస్ నొక్కుతాను. పేజీకి గంటన్నర పడుతుంది. మీరు చదువుతున్న ఈ ముక్కలు కూడా అలా ఏరుకున్నవే.

కిందటి చలికాలంలో దాని ఎడమ బొత్తాం చెడింది. లోపల ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది వంగి, తగిలి, మళ్ళీ లేవాలి. ఏళ్ళతరబడి వాడేసరికి దాని బిగువు సడలి, ఒక్క నొక్కుకే రెండుసార్లు తగలడం మొదలెట్టింది. నేనా సంగతి గమనించలేదు. మామూలుగా అచ్చుతీసి, కవరులో పెట్టి, పోస్టు చేశాను.

నాలుగోనాడు మేనకోడలు ఫోను చేసింది. "మామయ్యా, మీ ఒంట్లో ఎలా ఉంది? నిజం చెప్పండి. అమ్మ మీ ఉత్తరం పట్టుకుని పొద్దుటినుంచీ ఏడుస్తోంది." ఏముందే అందులో అన్నాను. "'అక్కయ్యకు ననమస్కారాలు, మమేము క్షక్షేమం' అని రాశారు. తమ్ముడికి మాట పడిపోతోంది, నాకు దాస్తున్నారు అంటోంది."

నాకు నవ్వు రాలేదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ముందుగా పోయింది మాటే. ఆయన మంచం దగ్గర మూడు నెలలు కూర్చున్నది అక్కయ్యే.

ఆ సాయంత్రమే మనవడు తీగ లేని మౌస్ తెచ్చాడు. అమెరికాలో ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఊహించిన మొదటి మౌస్ 1964లో చెక్కతో చేసిన చిన్న పెట్టెట. తీగ తోకలా ఉండబట్టే దానికా పేరు. తోకే తీసేశాక ఇంకా ఎలుక అనడం ఏమిటో! దీనితో మాట్లాడే చిన్న ముక్క ఒకటి కంప్యూటరుకు గుచ్చాలి. అది అట్టపెట్టెలో లేదని షాపువాణ్ణి నానా మాటలూ అన్నాను. చివరికి మౌస్ పొట్టలో, బ్యాటరీ పక్కన దొరికింది.

తేలిక మరీ తేలిక. పాతదాని తీగ బల్ల అంచునుంచి వేలాడుతూ, ఆ బరువుతో నా చేతి వణుకును కొంత ఆపేదని అప్పటిదాకా నాకు తెలియదు. కొత్తది చెయ్యి ఎటు వణికితే అటు దూకుతుంది. 'క' కోసం పోతే 'ప' మీద వాలేది. మనవడు బాణం వేగం బాగా తగ్గించి పెట్టాడు. "ఇదంతా ఎందుకు తాతయ్యా, నోటితో చెప్పు, అదే రాసుకుంటుంది" అన్నాడు కూడాను. చెప్పవచ్చు. కాని నేను అక్కయ్యకు రాసే సంగతులు హాల్లో కూర్చుని బిగ్గరగా చదివేవి కావు.

మూడు రోజులు కూర్చుని ఒక పేజీ పూర్తిచేశాను. ప్రతి మాటా మూడుసార్లు సరిచూసుకున్నాను. 'నాకు జబ్బేమీ లేదు, జబ్బు మౌస్‌ది' అని మొదటి వాక్యమే రాశాను.

వారానికి కార్డు వచ్చింది. అక్కయ్య అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా, వరుస తప్పకుండా ఉంటాయి. "ఉత్తరం చదివి దేవుడి దగ్గర దీపం పెట్టాను. అయినా ఈసారి ఒక్క పేజీయేనేం? కొత్త వస్తువు వచ్చేసరికి బద్ధకం వచ్చిందా?"

పాతదాన్ని తీగ చుట్టి బీరువా సొరుగులో పెట్టాను. రేపు పొద్దున్న రెండు పేజీలకు కూర్చోవాలి. బ్యాటరీ ఒకటి అదనంగా తెప్పించాను.