జేబులోని దుబాసీ

*పరాయి నగరంలో బ్రతుకు వెళ్ళదీసే తెలుగు కుటుంబానికి చేతిలోని ఫోను ఎన్ని విధాల అండగా నిలువగలదో చాలామందికి తెలియదు. సూరత్‌లోని సలాబత్‌పురా అందుకు చక్కని ఉదాహరణ.*

ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరత్‌లోను వర్తకస్థావరాలు ఏర్పరచుకున్నారు. రెండుచోట్లా వారు వెదికిన సరుకు బట్టలే. రెండుచోట్లా వారికి అడుగడుగునా అవసరమైన మనిషి దుబాసీ. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది. బేరం అతని నోట నడిచేది. నేతగాడు ఏమన్నాడో దొరకు, దొర ఏమన్నాడో నేతగానికి అతడు చెబితేనే తెలిసేది. అతడు నిజాయితీపరుడైతే ఇద్దరూ బాగుపడేవారు. కాకపోతే నష్టపోయేది సాధారణంగా నేతగాడే.

నాలుగు వందల ఏళ్ళు గడిచాయి. అదే సూరత్‌లో నేటికీ తెలుగు నేతపనివారున్నారు. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాలే ఇక్కడా వారికి అన్నం పెడుతున్నాయి. వారు నేసిన బట్ట రంగు, అద్దకం ముగించుకొని సలాబత్‌పురా చుట్టుపట్ల ఉన్న బజార్లకు చేరుతుంది. రింగ్‌రోడ్డు వెంబడి అంతస్తులపై అంతస్తులుగా లేచిన వస్త్ర విపణులు, తలపై చీరల మూటలతో పరుగెత్తే హమాలీలు, ఇరుకు సందుల్లో ఒకదాని వెనుక ఒకటి నిలిచిన టెంపోలు: ఇదీ అక్కడి నిత్యదృశ్యం.

ఇక్కడికి వచ్చిన తెలుగువాడు కొద్ది నెలలలోనే హిందీ మాట్లాడగలుగుతాడు. గుజరాతీ కూడా పట్టుబడుతుంది. పట్టుబడనిది లిపి. బస్తీలో అంటించిన ప్రకటన ఏమిటో, బ్యాంకు కాగితంలో ఎక్కడ సంతకం చేయాలో, చౌకధరల దుకాణం ముందు బల్లపై ఏమి వ్రాశారో మరొకరు చదివి చెప్పాలి. చెప్పినవారు కొందరు కూలి తీసుకుంటారు. మరికొందరు డబ్బు తీసుకోకపోయినా చులకనగా చూస్తారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని సామెత. పరాయి ఊళ్ళో అది తిరగబడి, అడిగేవాడే లోకువవుతాడు.

ఆ మనిషి జేబులో ఫోను ఉంటుంది. దానితో అతడు ఇంటికి మాట్లాడతాడు, సినిమా చూస్తాడు, టీకొట్టులో డబ్బు చెల్లిస్తాడు. అతని రోజువారీ చిక్కులను తీర్చగల సాధనాలు మరికొన్ని ఆ ఫోనులోనే అతనికి అందుబాటులో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఉచితం. వాటివలన లాభం గడించేవారు లేరు గనుక గోడలపై వాటికి ప్రకటనలుండవు. అందుకే అవి తెలిసినవారు తక్కువ.

లిపి అనే గోడ

గూగుల్ సంస్థ తన అనువాద సాధనంలో తెలుగును, గుజరాతీని 2011 జూన్‌లో ఒకేసారి చేర్చింది. ఈ యాప్ తెరచి, కెమెరాను గుజరాతీ బోర్డు వైపు త్రిప్పితే అక్షరాల స్థానంలో తెలుగు కనిపిస్తుంది. భారత ప్రభుత్వం 2022 జూలైలో గాంధీనగర్‌లో ప్రారంభించిన ‘భాషిణి’ కూడా ఈ కోవలోదే. మన భాషల మధ్య మాటను, వ్రాతను మార్చి చెప్పడమే దాని పని.

ఇంతకంటె తక్కువమందికి తెలిసినది, సలాబత్‌పురా వంటి చోట ఎక్కువగా అక్కరకు వచ్చేది మరొకటి ఉంది. దాని పేరు ‘అక్షరముఖ’. వినోద్ రాజన్ అనే పండితుడు రూపొందించిన ఈ సాధనం అర్థాన్ని ముట్టుకోదు, లిపిని మాత్రమే మారుస్తుంది. గుజరాతీ అక్షరాలలో వచ్చిన సందేశాన్ని అందులో ఉంచితే అదే గుజరాతీ తెలుగు అక్షరాలలో ప్రత్యక్షమవుతుంది. చెవికి గుజరాతీ తెలిసి, కంటికి తెలియని మనిషికి అనువాదం కంటె ఇదే మేలు. యజమాని పంపిన మాట యజమాని మాటగానే అందుతుంది. నడుమ యంత్రం తన కవిత్వం చేర్చదు. రెండు లిపులూ బ్రాహ్మి నుండి పుట్టినవే కావడంతో, రెండింటిలోనూ అక్షరాల వరుస ఒకటే కావడంతో ఈ మార్పిడి చక్కగా సాగుతుంది. రెండు రూపాలనూ ప్రక్కప్రక్కన చూచుకునేవానికి కొన్నాళ్ళకు గుజరాతీ అక్షరాలు వాటంతటవే పరిచయమవుతాయి కూడా.

ఒక హెచ్చరిక అవసరం. యంత్రానువాదం దారి చూపుతుందే గాని పూచీ పడదు. ‘ఇవ్వవలెను’, ‘ఇవ్వనక్కరలేదు’ అన్న రెండింటి మధ్య అది తడబడవచ్చు. దుకాణపు బోర్డుకు, బస్సు పేరుకు అది చాలు. అద్దె ఒప్పందం, అప్పు పత్రం వంటివాటిపై సంతకం పెట్టేముందు భాష తెలిసిన మనిషితో చదివించుకొనక తప్పదు.

వెంట వచ్చే బియ్యం

వలసవచ్చిన కుటుంబానికి పెద్ద నష్టం రేషన్ రూపంలో జరిగేది. కార్డు సొంతూళ్ళో, కడుపు సూరత్‌లో. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను ఒక జతగా, గుజరాత్, మహారాష్ట్రలను మరొక జతగా కలిపి, ఒక రాష్ట్రపు కార్డుపై జతలోని రెండవ రాష్ట్రంలో ధాన్యం తీసుకునే ఏర్పాటు మొదలైంది. 2020 జనవరి 1న ఈ నాలుగింటితో సహా పన్నెండు రాష్ట్రాలు ఒకే వలయంలోకి వచ్చాయి. ఆ రోజుతో తెలంగాణ కార్డుకు సూరత్ దుకాణం తలుపు తెరుచుకుంది.

తలుపు తెరుచుకున్న సంగతి తెలియడం వేరు. ‘మేరా రేషన్’ అనే యాప్‌ను కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో విడుదల చేసింది ఇందుకే. దగ్గరలోని చౌకధరల దుకాణం ఎక్కడుందో, తన కార్డుకు ఎంత ధాన్యం రావలసి ఉందో, ఇంతవరకు ఎంత తీసుకున్నారో అందులో చూచుకోవచ్చు. జాతీయ ఆహారభద్రతా చట్టం క్రింద ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోలు; 2023 జనవరి 1 నుండి అది ఉచితం. కుటుంబం రెండుగా చీలి, ముసలి తల్లిదండ్రులు ఊళ్ళోను, కొడుకూ కోడలూ సూరత్‌లోను ఉంటే, ఎవరి పాలు వారు తమ ఉన్నచోటనే తీసుకోవచ్చు.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఈ సౌకర్యం కేంద్ర చట్టం క్రిందికి వచ్చే కార్డులకే వర్తిస్తుంది. రాష్ట్రం తన సొమ్ముతో విడిగా ఇచ్చిన కార్డులు పొరుగు రాష్ట్రంలో చెల్లవు. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు కూడా వెంట రావు. కార్డుకు ఆధార్ జోడించి ఉండాలన్నది రెండవది. దుకాణదారుడు “మీది ఇక్కడ చెల్లదు” అన్నప్పుడు అది నిజమో, సాకో తేల్చుకోవడానికి యాప్‌లోని వివరమే ఆధారం. 14445 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి అడిగే వీలు కూడా ఉన్నది.

పోయిన ఫోను, తెలియని సిమ్ములు

క్రిక్కిరిసిన బజారులో ఫోను పోవడం వింత కాదు. ‘సంచార్ సాథీ’ అనే ప్రభుత్వ సేవ 2023 మే నెలలో వెబ్‌సైటుగా మొదలై, 2025 జనవరిలో యాప్‌గా కూడా వచ్చింది. పోయిన ఫోనును ఏ సిమ్ముతోనూ పనిచేయకుండా దేశమంతటా నిలిపివేయమని ఇందులో కోరవచ్చు. దొరికిన తర్వాత తిరిగి తెరిపించుకోవచ్చు. పోలీసు ఫిర్యాదు ప్రతి, ఫోను యొక్క పదిహేను అంకెల ఐఎమ్ఈఐ సంఖ్య ఇందుకు కావాలి. ఆ సంఖ్య *#06# నొక్కితే తెరపై కనబడుతుంది. ఇల్లు కాలిన తర్వాత బావి త్రవ్వినట్లు కాక, ఫోను చేతిలో ఉన్నప్పుడే దానిని ఒక కాగితంపై వ్రాసి ఇంట్లో దాచుకోవడం వివేకం.

తన పేరిట ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూపే సౌకర్యం కూడా ఇందులోనే ఉన్నది. 2021లో ఇది మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే అందుబాటులోకి వచ్చిందన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. గది అద్దెకని, ఉద్యోగానికని ఆధార్ నకళ్ళు పలుచోట్ల ఇచ్చి మరచేవారు ఏడాదికొకసారైనా దీనిని చూడాలి. ఎరుగని నంబరు కనబడితే అది తనది కాదని అక్కడే తెలుపవచ్చు. ఎవరో చేసిన మోసానికి తాను జవాబు చెప్పుకొనే దుస్థితి దీనివలన తప్పుతుంది.

మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు పారిపోకముందే ఆపించడం ఆ ఏర్పాటు ఉద్దేశం గనుక, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

స్మార్ట్‌ఫోను లేనివారు నిరాశ చెందనక్కరలేదు. బ్యాంకు ఖాతాతో ముడిపడిన నంబరు గల మామూలు ఫోనులో *99# నొక్కితే, అంతర్జాలం లేకుండానే నిల్వ చూచుకోవచ్చు, డబ్బు పంపవచ్చు. 2014లో దేశమంతటికీ వచ్చిన ఈ సేవ తెలుగులోనూ లభిస్తుంది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన ‘యూపీఐ 123పే’ కూడా ఇటువంటి ఫోనుల కొరకే.

నోటు, నగ, మందు

చూపు మందగించిన వృద్ధునికి చేతిలో పెట్టిన నోటు నూరో, ఇన్నూరో తెలియడం కష్టం. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన ‘మణి’ అనే యాప్ ముందు నోటు పట్టుకుంటే అది ఎంతదో పలికి చెబుతుంది. ఒకసారి దించుకుంటే అంతర్జాలంతో పని లేదు. అయితే నోటు అసలుదో, దొంగదో అది చెప్పదు. ఆ భ్రమ ఉండరాదు.

పెళ్ళికని రూపాయి రూపాయి కూడబెట్టి నగ కొనే ఇల్లాలికి ‘బిఐఎస్ కేర్’ తోడు. బంగారు నగపై ప్రమాణాల సంస్థ గుర్తు, స్వచ్ఛత సంఖ్య, వాటితో పాటు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంకేతం ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలు ఈ సంకేతం లేకుండా అమ్మరాదు. దానిని యాప్‌లో వేస్తే అది ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్షించారు అన్నవి కనబడతాయి. చేతిలో గాజు ఉండగా తెరపై ఉంగరమని వస్తే, డబ్బు చెల్లించకముందే లేచిరావచ్చు.

‘జన ఔషధి సుగమ్’ 2019లో వచ్చింది. మందు యొక్క రసాయన నామంతో వెదికితే జన ఔషధి ధర, దగ్గరలోని దుకాణం తెలుస్తాయి. రక్తపోటు, మధుమేహం వంటి జీవితాంతపు జబ్బులకు నెలనెలా మందులు కొనేవారికి ఈ తేడా చిన్నది కాదు. వైద్యుడు వ్రాసిన మందును ఆయనను అడగకుండా మార్చుకోకూడదన్న నియమం మాత్రం ఇక్కడా వర్తిస్తుంది.

పిల్లల తెలుగు

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. అయినా వీథిలో హిందీ, బజారులో గుజరాతీ వింటూ పెరిగే పిల్లలు తెలుగు మాట్లాడతారే గాని, చదవడానికి తడుముకుంటారు. అటువంటి ఇళ్ళకు ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరులో ఆరంభించిన ‘స్టోరీవీవర్’ ఒక వరం. బొమ్మల కథలు తెలుగులోను, గుజరాతీలోను, మరెన్నో భాషలలోను ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథను రెండు భాషలలో తెరచి, బిడ్డ గుజరాతీ చదువుతుంటే తల్లి తెలుగు చదవవచ్చు. మరునాడు తారుమారు చేసుకోవచ్చు. ఎవరు ఎవరికి గురువో చెప్పలేని బడి అది. పెద్ద తరగతుల పిల్లలకు ‘ఆంధ్రభారతి’లోని నిఘంటువులు ఉన్నాయి. ఒక మాట వేస్తే అనేక నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనబడతాయి.

ఎంచుకునే తీరు

ఏ సాధనాన్నయినా ఇంట్లోకి రానిచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇది ఎవరిది? సందేశంలో వచ్చిన లంకెను నొక్కి దించుకున్నది ఎంత ముద్దుగా ఉన్నా నమ్మరాదు. అధికారిక దుకాణంలో ప్రచురణకర్త పేరు చూచి తీసుకోవాలి. ఇది ఏమి అడుగుతున్నది? అనువాదానికి కెమెరా కావాలి, సరే. నగ పరిశీలనకు బంధుమిత్రుల నంబర్లెందుకు? దీనివలన నా పని నేను చేసుకోగలుగుతున్నానా? మూడవదే అసలు గీటురాయి. ఫోనును, రహస్య సంఖ్యను మరొకరి చేతికిచ్చి “మీరే చూడండి” అనే మనిషికి ఎంత గొప్ప సాధనమైనా మరొక దళారినే తెచ్చిపెడుతుంది.

అందుచేత నేర్పేవారు కూడా పని చేసిపెట్టకుండా, వ్రేలు పట్టి చేయించాలి. మొదటిసారి అరగంట పట్టవచ్చు. మూడవసారికి ఐదు నిమిషాలు చాలు. అన్నీ ఒకేసారి నేర్చుకోనక్కరలేదు, వారానికొకటి చాలు. సలాబత్‌పురాలో మూట దించుకొని, మధ్యాహ్నపు టీ త్రాగే వేళ ఒక మనిషి తన రేషన్ లెక్క తానే చదువుకొని, ప్రక్కవానికి చూపగలిగితే, ఆ బస్తీలో ఇక ఇద్దరికి దుబాసీ అవసరం తీరినట్లే.