చివరికి గుర్తొచ్చే పెట్టె

సొంతంగా కారు తయారుచేసుకునేవారి శ్రద్ధ, డబ్బు, ఓపిక అన్నీ ఇంజన్ మీదా రంగు మీదా కరిగిపోయి, పెట్రోలు ట్యాంకు వంతు వచ్చేసరికి మిగిలిన చోటులో మిగిలిన రేకుతో ఏదో ఒక పెట్టె అతికిస్తే చాలునన్న ధోరణి మిగలడం చికాకు పుట్టించే విషయం. ఇంజన్ మొరాయిస్తే కారు ఆగుతుంది. ట్యాంకు కారితే కారే తగలబడుతుంది.

సొంతంగా కారు కట్టుకునే ముచ్చట బాగా వేళ్లూనిన దేశం బ్రిటన్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొంటే పన్ను తప్పేది కనుక దాన్ని ఇళ్లలోనే బిగించుకునేవారు. 1996లో రాన్ చాంపియన్ అదే తరహా కారును 250 పౌండ్లకే కట్టుకోవచ్చంటూ పుస్తకం రాశాక ఇంటివెనుక షెడ్లలో వెల్డింగ్ మెరుపులు మరింత పెరిగాయి. ఈ కార్లలో ట్యాంకు సాధారణంగా వెనుక ఇరుసుకు, వెనుక రేకుకు నడుమనున్న ఇరుకు జాగాలో ఉంటుంది. పాత కారు నుంచి తీసిన ట్యాంకు అక్కడ సరిగా ఇమడదు కాబట్టి కొత్తది చేయక తప్పదు.

ట్యాంకు పొడవు 80, వెడల్పు 25, ఎత్తు 20 సెంటీమీటర్లయితే 40 లీటర్లని లెక్క తేలుతుంది, ఆ పెట్రోలు బరువు దాదాపు 30 కిలోలు. లెక్క అంతవరకే సుళువు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే పెట్రోలు సుమారు వెయ్యోవంతు వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీలు పెరిగితే ఆ 40 లీటర్లకు ముప్పావు లీటరుపైన అదనపు చోటు కావాలి. కాబట్టి అంచుదాకా నింపే వీలు లేకుండానే పోసే గొట్టాన్ని అమర్చాలి.

అసలు కథంతా లోపలి అడ్డుపలకలది. నిండు కుండ తొణకదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం, కానీ కారు ఎప్పుడూ నిండు ట్యాంకుతో తిరగదు. సగం ఖాళీ అయిన ట్యాంకుతో మలుపు తిరిగినప్పుడు పెట్రోలంతా ఒక గోడకు చేరిపోయి, పీల్చే గొట్టం మూతి గాలిలో తేలుతుంది. కార్బురెటర్ ఉన్న ఇంజన్ తన గిన్నెలోని నిల్వతో ఆ క్షణాన్ని నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్ మాత్రం వెంటనే తడబడుతుంది, పెట్రోలుతోనే చల్లబడే విద్యుత్ పంపు ఎండిపోయి తిరిగి అరిగిపోతుంది. అందుకే లోపల నిలువు పలకలు వేసి, పెట్రోలు పారడానికి కింది మూలలు, గాలి కదలడానికి పై మూలలు కత్తిరించి, పీల్చే గొట్టం చుట్టూ లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపుల గది కడతారు. పై రేకు వెల్డింగ్ అయ్యాక ఇదంతా ఎవరికీ కనిపించదు. కనిపించదు కదా అని పలకలు మానేసి, ఆ డబ్బుతో మెరిసే మూత కొనేవారిని ఏమనాలి?

బిగించడంలోనూ మొరటుతనం పనికిరాదు. అల్యూమినియం ట్యాంకును చాసిస్ గొట్టాలకు నేరుగా బోల్టు వేస్తే, గతుకుల్లో చాసిస్ మెలితిరిగినప్పుడల్లా ఆ ఒత్తిడి అతుకుల మీద పడి సన్నని పగుళ్లు వస్తాయి. పట్టీలతో కట్టి, మధ్య రబ్బరు వేయడం సరైన పద్ధతి. రబ్బరుకు బదులు గుడ్డ వేస్తే అది నీరు పట్టి రేకును తినేస్తుంది.

వెనుక ఇరుసు పక్కన ట్యాంకు అనగానే ఫోర్డ్ పింటోను తలచుకోక తప్పదు. 1971 మోడల్‌గా వచ్చిన ఆ అమెరికన్ కారును వెనుకనుంచి గుద్దితే ట్యాంకు ముందుకు జరిగి, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ బోల్టు తలలకు తగిలి చిరిగేది. 1978లో దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలిపించి, చేసిన మరమ్మతులో ముఖ్యమైనది ఒక ప్లాస్టిక్ కవచం. అంత చవకగా ఆపగలిగినదాన్ని ఏళ్ల తరబడి ఆపకపోవడం క్షమించరానిది. ఇంట్లో కారు కట్టేవారు సైతం ట్యాంకుకు ఎదురుగా ఏ బోల్టు మొన ఉందో ముందే చూసుకోవాలి.

ఇక మిగిలింది పెట్రోలు ఎంత ఉందో చెప్పే ముల్లు. తేలే బంతికి కట్టిన తీగ మలుపుల్లో ఊగి, వాలు జాగాలో ముల్లును ఒకచోట, చదునైన జాగాలో మరోచోట నిలబెడుతుంది. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టీలో ఈ గొడవ లేదు: చాలా కార్లలో ట్యాంకు ముందు సీటు కిందే ఉండి, పెట్రోలు తన బరువుతోనే కార్బురెటర్‌కు దిగేది, పెట్రోలు తగ్గినప్పుడు నిటారు గుట్ట ఎదురైతే కారును తిప్పి రివర్స్ గేర్‌లో ఎక్కించేవారు, ఎంత మిగిలిందో తెలియాలంటే సీటెత్తి కర్ర ముంచి చూసేవారు. ఊగే ముల్లు కన్నా ఆ తడిసిన కర్రే నమ్మదగింది.