నోటు వెనుకటి రథము

ధనమును లెక్కించువారు పెక్కురు. దానిని జూచువారు కొందఱే. నోటు చేతికి వచ్చినతోడనే అంకెను జూచి, మడిచి, సంచిలో వేసికొనుట లోకాచారము. అంకెతోపాటు చిత్రమొకటి యున్నదనియు, ఆ చిత్రమున కొక కథ యున్నదనియుఁ దలఁచుటకు మనకుఁ దీఱిక యుండదు.

నోట్లను సేకరించు మిత్రుఁ డొకఁడు మాకు మధ్య అమెరికాలోని హోండూరాసు దేశపు 1 లెంపిరా నోటును జూపెను. ఎఱ్ఱని కాగితము. ముందువైపున లెంపిరా యను వీరుని ముఖము. ఈతఁడు లెంకా జాతివారికి నాయకుఁడై 16వ శతాబ్దమున స్పెయిను దండు నెదిర్చినవాఁడు. 1931లో ఆ దేశమువారు పాత పెసోకు మాఱుగాఁ దెచ్చిన క్రొత్త ద్రవ్యమునకు ఈతని పేరే పెట్టిరి. వెనుకవైపునఁ గోపాన్ శిథిలములు: పూర్వము మాయా జాతివారు రబ్బరు బంతితో నాడిన రాతి క్రీడాంగణము. ఆ రాజులు పోయిరి, ఆ యాట నిలిచెను. చిత్రము మాత్రము చేతినుండి చేతికిఁ దిరుగుచున్నది.

దానిని జూచిన పిదప మేము మన 50 రూపాయల నోటును ద్రిప్పి చూచితిమి. 2017లో వెలువడిన యీ నీలిరంగు నోటు 135 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పు గలది. వెనుకవైపున హంపిలోని విఠలాలయపు రాతిరథము. అది యొకే శిలను దొలిచినట్లు కానవచ్చును గాని, పెక్కు శిలలను నేర్పుతోఁ గూర్చి కట్టినది. నిజమునకు రథము గాదు, గరుత్మంతుని గుడి. ఆ వైపుననే 15 భాషలలో నోటు విలువ వ్రాయఁబడినది. అందు మన తెలుఁగును గలదు.

హంపి నేఁడు కర్ణాటకమున నున్నను మనకుఁ బరాయిది గాదు. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగర సైన్యము ఓడినపుడు, తిరుమలరాయలు రాజపరివారముతో వచ్చి చేరినది పెనుకొండకే. మా నంబులపూలకుంటనుండి కదిరి మీఁదుగాఁ బడమటికిఁ బోయినచో ఆ కొండయు, ఆ కోటయు, గగనమహలును నేఁటికిని గానవచ్చును. ఆ రథమును విడిచి వచ్చినవారి తరువాతి కథ మన సీమలోనే నడచినది.

ఈ మాట యింటిలోఁ జెప్పి, మడత పడని క్రొత్త నోటు నొకదానిని దాఁచుకొందుమంటిమి. మా అవ్వ నవ్వి, "బొమ్మ బాగున్నది నాయనా! బొమ్మను జూచినఁ గడుపు నిండునా?" అనెను. వానలు తప్పి వేరుసెనగ చేతికి రాని యేఁడది. ఆ సాయంకాలమే ఆ నోటు అంగడికిఁ బోయి బియ్యమై తిరిగివచ్చెను.

అవ్వ మాట సత్యము. నోటును దాఁచుకొను భాగ్యము అందఱికిని లేదు. చూచు భాగ్యము మాత్రము అందఱికినిఁ గలదు. దానికిఁ బైసా వ్యయము లేదు. కావున సోదర విద్యార్థులారా, 50 రూపాయల నోటు మీ చేతఁ బడినపుడు, వెచ్చించుటకు ముందొకసారి త్రిప్పి యా రథమును జూడుఁడు. సెలవులు వచ్చినపుడు పెనుకొండ యెక్కి రండు.