రబ్బరు పైపు, ఆవకాయ జాడీ, మంచం బోల్టులు



కొత్త ఊరికి వచ్చి పదహారు రోజులైంది. "క్షేమంగా చేరాం" అని గ్రూపులో ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాం. కానీ వ్యాను అడవిలో ఆగిపోయిందనీ, అమ్మకు ఒంట్లో బాగోలేదనీ ఆ నోటా ఈ నోటా మీకు తెలిసిపోయింది. ఫోన్లు మొదలయ్యాయి. అందరూ ప్రేమతోనే చేశారు. అందులో ఒకరిద్దరు మాత్రం, వాళ్ళూ ప్రేమతోనే, ఒక మాట అన్నారు: "అయ్యగారూ, బయల్దేరిన కాడి నుంచి ఇన్ని ఆటంకాలంటే ఇది దేవుని చిత్తం కాదేమో. ఇంకోసారి మోకాళ్ళ మీద కనిపెట్టి చూడండి."

తొమ్మిదేళ్ళు మనం కలిసి ఆరాధించిన మందిరాన్ని, మిమ్మల్ని విడిచి వచ్చాం. పిల్లల స్కూలు టీసీలు తీసుకున్నాం. డెబ్బై నాలుగేళ్ళ అమ్మను ఇల్లు కదిలించాం. ఇంత చేశాక "చిత్తం కాదేమో" అనే మాట చెవిన పడితే తేలిగ్గా తీసేయలేం. రెండు రాత్రులు మేమిద్దరం నిద్రపోలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

నంద్యాల వైపు నుంచి నరసరావుపేట వైపు రావాలంటే గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కి దిగాలి. దూరం రెండొందల కిలోమీటర్ల పైమాటే. మే నెల ఎండ. సామాను లారీ తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. వెనకాల మన పాత వ్యానులో మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ. అమ్మ కాళ్ళ దగ్గర పాటల పుస్తకాల అట్టపెట్టె, దాని పక్కన మీలో ఒక అక్క కొత్తగా పెట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. అమ్మ ఒళ్ళో ఫ్లాస్కు. ఆ ఫ్లాస్కులో ఐసు ముక్కలు, వాటికి తగలకుండా గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన ఇన్సులిన్ సీసాలు రెండు. ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు, ఎండకు వేడెక్కినా పనికిరాదు. షుగరు ఉన్న ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మిగతావాళ్ళు కూడా తెలుసుకుని ఉంటే మంచిది.

ఘాటు సగం ఎక్కామో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. మన వ్యానుకు ఇంజను ముందు సీటు కిందే కదా, కూర్చున్న చోటే సెగ తెలిసింది. ఆ వెంటనే ఆవిరి. పక్కకు తీసి ఆపాం. ఫోన్లలో సిగ్నలు లేదు. చుట్టూ టేకు చెట్లు, వెదురు పొదలు, మా సంచుల మీద కన్నేసిన కోతులు. వెనకటికి మీటరుగేజి రైలు దాటిన దొరబావి వంతెన ఈ అడవిలోనే ఉండేదని పిల్లలకు చెబుదామనుకున్నాం గానీ, వినే స్థితిలో వాళ్ళూ లేరు, చెప్పే స్థితిలో మేమూ లేము.

ముందు ఒక కారు, తర్వాత రెండు, మొత్తం ఎన్నో బండ్లు వెళ్ళిపోయాయి. వాళ్ళను తప్పుబట్టడం లేదు, ఘాటు రోడ్డులో మలుపు దగ్గర బండి ఆపడం ప్రమాదమే. చివరికి బేతంచెర్ల నాపరాళ్ళు వేసుకొని పోతున్న ఒక లారీ ఆగింది. డ్రైవరు ముప్ఫై ఏళ్ళ వాడు ఉంటాడేమో. దిగుతూనే అరిచాడు.

"అన్నా, మూత తెరవాకండి! ముఖం కాలిపోతాది."

ముప్పావుగంట చల్లారనిచ్చాడు. మాతోపాటే ఆ రాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మకు తన టవలు తడిపి ఇచ్చాడు, తల మీద వేసుకోమని. సీటు ఎత్తి చూస్తే రబ్బరు పైపు పగిలింది. పాత సైకిలు ట్యూబు కోసి దానికి బిగించి చుట్టాడు, తన క్యానులోని నీళ్ళు పోశాడు. "నిదానంగా పోండి. కంభంలో కొత్తది ఏయించుకోండి. ఇది అంతవరకు పట్టుకుంటాది" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వెళ్ళబోతూ ముక్కు ఎగబీల్చి, "ఆవకాయ వాసన వస్తాందే" అన్నాడు.

అప్పుడు చూశాం. జాడీ అడుగున బీట పడింది. నూనె, కారం, ఆవపిండి అంతా పాటల పుస్తకాల పెట్టెలోకి దిగింది. అంత బాధలోనూ అమ్మ నవ్వింది. "ఇక మీదట పాట ఎత్తుకుంటే నోరూరుతుంది" అంది. జాడీలో పైన మిగిలిన ముక్కలు నాలుగు ఒక కవరులో వేసి ఆ అబ్బాయికి ఇచ్చాం, అవి మాత్రం కాదనలేదు.

కంభంలో పైపు మార్చడానికి రెండు గంటలు పట్టింది. మెకానిక్ పాత పైపును వేళ్ళతో వంచి చూపించాడు. ఎండిన చింతకాయ తొక్కలా పెళుసుగా విరిగిపోయింది. "రబ్బరుకు వయసైపోయింది సార్, ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే, ఘాటు ఎక్కేటప్పుడు ఒత్తిడి ఎక్కువ గనక అక్కడ పోయింది" అన్నాడు. ఆ ముక్కను మేము పారేయలేదు, దాచి తెచ్చుకున్నాం. ఎందుకో తర్వాత చెబుతాం.

ఇక్కడికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ఫ్లాస్కులో ఐసు ఎప్పుడో కరిగి గోరువెచ్చని నీళ్ళు మిగిలాయి. ఫ్రిజ్‌ను లారీలో పక్కకు పడుకోబెట్టి తెచ్చారు. అలా తెచ్చినదాన్ని వెంటనే ఆన్ చేయకూడదు, కంప్రెసరు నూనె కిందికి దిగేదాకా నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి. ఆగి, తెల్లారి ప్లగ్గు పెడితే గోడలోని సాకెట్టు మాడి పొగ వచ్చింది. మందిరం వెనక గది పాతది, వైరింగూ పాతదే. బోరు మోటారు స్విచ్చి వేస్తే మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. కెపాసిటరు పోయిందట, అది చిన్న పనే, ఆ మధ్యాహ్నమే అయిపోయింది. సాకెట్టుకు నాలుగు రోజులు పట్టింది.

గ్యాసు సంగతి మీలో ఊరు మారేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాం. దూరపు ఊరికి మారేటప్పుడు సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పజెప్పి టెర్మినేషన్ వోచర్ తీసుకోవాలి. డిపాజిట్టు తిరిగి ఇస్తారు. ఆ వోచరు చూపించి కొత్త ఊరి ఏజెన్సీలో మళ్ళీ డిపాజిట్టు కట్టి కనెక్షను తీసుకోవాలి. నిండు సిలిండరు సామానులో వేసుకొని రావద్దు, అది ప్రమాదం. ఈ రెండింటి మధ్య కొన్ని రోజులు పొయ్యి ఉండదు. మేము మూడు రాళ్ళు పెట్టి కట్టెలతో వండుకున్నాం.

అసలు భయం అమ్మ గురించి. వచ్చిన మర్నాడు పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే పరగడుపున 312. రెండోరోజు 296. సీసా అరచేతుల మధ్య దొర్లిస్తే పాలలా కలిసిపోవాల్సిన మందు, అంచులకు చిన్న చిన్న పలుకుల్లా అంటుకొని ఉంది. అమ్మ మాట తడబడింది, మంచం లేక చాప మీద పడుకొని అస్తమానం నీళ్ళడిగింది. ఆ "చిత్తం కాదేమో" అనే ఫోను వచ్చింది సరిగ్గా ఆ సాయంత్రమే.

పేటకు తీసుకెళ్ళాం. డాక్టరుగారు పాత సీసాలు రెండూ పక్కన పడేయించి కొత్తది రాశారు. మందు పాడవడం వల్లా, ప్రయాణపు అలసట వల్లా అని అడిగాం. రెండూ కావచ్చన్నారు. తిరిగొచ్చాక పక్కింటి ఆవిడ, ఆమె మన సంఘంలో వ్యక్తి కూడా కాదు, ఒక కొత్త కుండ తెచ్చి ఇచ్చింది. అందులో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న డబ్బా, ఆ డబ్బాలో సీసా. గాలి తగిలే నీడలో పెట్టి రోజుకు రెండుసార్లు ఇసుక తడపడమే. వాళ్ళ అత్తగారికి కరెంటు కోతల రోజుల్లో అలాగే దాచేవారట. సాకెట్టు బాగయ్యేదాకా ఆ కుండే మాకు ఫ్రిజ్. నాలుగో రోజుకు అమ్మ షుగరు 168కి దిగింది.

ఇక ఆ మాట విషయానికి వద్దాం.

మనలో చాలామందిమి శకునాలు చూసే ఇళ్ళలో పుట్టాం. పిల్లి ఎదురొస్తే ఆగడం, తుమ్మితే కూర్చొని నీళ్ళు తాగి లేవడం, మంగళవారం ఇల్లు మారకపోవడం. ప్రభువును నమ్ముకున్నాక ఇవన్నీ మానేశామని సాక్ష్యం చెబుతాం. మరి పిల్లి బదులు పంక్చరును పెట్టుకుంటే మానేసినట్టేనా? టైరు పోతే సాతాను అడ్డుపడ్డాడు, పోకపోతే దేవుడు ఒప్పుకున్నాడు అనుకుంటే, బండి బాగున్నవాడి ప్రయాణాలన్నీ దైవచిత్తం, పాత బండి ఉన్నవాడివన్నీ దానికి విరోధం అయిపోతాయి. బీదవాళ్ళ మీద ఇది ఎంత అన్యాయమైన లెక్కో చూడండి. ఇలాంటి మాటలు మన మధ్య మరీ తేలిగ్గా దొర్లుతున్నాయని మా అభిప్రాయం. వ్యాధి వచ్చినవాళ్ళ దగ్గరా, పంట పోయినవాళ్ళ దగ్గరా కూడా దొర్లుతున్నాయి.

పౌలు రోమాకు వెళ్ళాలన్నది ప్రభువు తానే చెప్పిన మాట. అపొస్తలుల కార్యములు తీసి చూడండి. అయినా ఆ ఓడ పద్నాలుగు రాత్రులు గాలికి కొట్టుకుపోయి, మెలితే ద్వీపం దగ్గర బద్దలైంది. అందులో ఉన్నవాళ్ళు 276 మంది. ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు పలకలు పట్టుకొని ఒడ్డుకు చేరారు. చలి కాచుకుందామని పుల్లలు వేస్తుంటే పాము చెయ్యి పట్టుకుంది. అది చూసి, వీడు నరహంతకుడై ఉంటాడని అన్నది విశ్వాసులు కాదు, శకునాలు తెలిసిన ఆ ద్వీపవాసులు.

ఆ రబ్బరు ముక్కను ఇప్పుడు కిటికీలో పెట్టుకున్నాం. రాత్రుళ్ళు ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తీసి వంచి చూస్తాం. వయసైపోయిన రబ్బరు, అంతే. అందులో ఇంకేమీ రాసి లేదు.

అలాగని దేవుడు ఇందులో లేడని అనడం లేదు. ఆ లారీ ఆగింది. ఆ డ్రైవరు ఎవరిని మొక్కుతాడో అడిగారా అని అమ్మ దారిలో అడిగింది. లేదన్నాం. "అడక్కపోవడమే మంచిది, నీళ్ళు పోశాడు" అని కళ్ళు మూసుకుంది.

ఇల్లు మారడం గురించి ఈ వారాల్లో మేము ఎక్కువగా చదివింది సంఖ్యాకాండము. ప్రత్యక్షపు గుడారాన్ని విప్పి కట్టి మోసే పని లేవీయులది. పన్నెండు మంది ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు ఇస్తే, మోషే గెర్షోనీయులకు రెండు బండ్లు నాలుగు ఎద్దులు, మెరారీయులకు నాలుగు బండ్లు ఎనిమిది ఎద్దులు ఇచ్చాడు. పరిశుద్ధమైన వస్తువులు భుజాల మీదే మోయాలి గనక కహాతీయులకు ఒక్క బండీ లేదు. మెరారీయుల వంతు పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్ళు. ఎవరు ఏది మోయాలో పేరుపేరునా అప్పజెప్పమని ఆజ్ఞ. మేకులకు కూడా! మందసం ఎవరు మోశారో అందరం ప్రసంగాల్లో చెబుతాం. మేకుల సంచీ మోసినవాడి గురించి ఎవరం చెప్పం. కానీ ఆ సంచీ రాకపోతే ఆ రాత్రి గుడారం నిలబడదు.

ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, మన యౌవనస్థులు ఎంతో ప్రేమతో మంచాలు విప్పి లారీ ఎక్కించారు. మంచాలు వచ్చాయి. బోల్టులు రాలేదు. పన్నెండు రోజులు అందరం చాపల మీదే. బియ్యం డ్రమ్ములో చూశాం, కుట్టుమిషను సొరుగులో చూశాం, చెప్పుల సంచీలో కూడా చూశాం. మొన్న ఆదివారం ఇక్కడి తమ్ముడొకడు హార్మోనియం పెట్టె తెరిచి వాయించబోతే లోపల గలగలమంది. బట్టలో మూటగట్టి, చీటీ రాసి మరీ పెట్టారు: "అయ్యగారి మంచం". ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టాం. బాబూ, నీకు వందనాలు. పెట్టెలో పోకుండా ఉంటాయని పెట్టావు, నిజంగానే పోలేదు.

అమ్మ ఇప్పుడు మంచం మీద పడుకుంటోంది. రాత్రి రెండుసార్లు లేచి పాత ఇంటి వైపు గుమ్మం ఎటో వెతుక్కుంటుంది, గోడకు చెయ్యి తగిలాక ఆగిపోతుంది. మీ ఊరి ఆడవాళ్ళను పేరుపేరునా అడుగుతుంది, ఫోను చేస్తే గట్టిగా మాట్లాడండి. గ్యాసు గురువారం వస్తుందన్నారు. పాటల పుస్తకాలకు బియ్యప్పిండి చల్లి బరువు పెట్టాం, నూనె కొంత పీల్చింది. అట్టలు ఎర్రబడ్డాయి గానీ అక్షరాలు కనబడుతున్నాయి. జాడీ సంగతి ఆ అక్కకు ఇంకా చెప్పలేదు. ఇది చదివేలోపే ఫోను చేస్తాం.